బోరు పైపు గార్డు

నేను మనుషుల ముఖాల కంటే ముందు వాళ్ళ బండ్ల గార్డులు చూస్తాను. పులివెందులలో కూరగాయలకు పోయినా, ఎవరి పెళ్లికో పోయి పందిరి ముందు నిలబడినా, వరుసగా నిలిపిన మోటారు సైకిళ్ళకు ముందు చక్రం వెనక రెండు పక్కలా చెవుల్లాగా బయటికి వచ్చే ఆ ఇనుప కమ్మీల మీదికే నా చూపు పోతుంది. బండి పడినా కాలు దానికింద నలగకుండా కాసే కమ్మీలవి. కొందరు క్రాష్ గార్డు అంటారు, కొందరు లెగ్ గార్డు అంటారు, మా ఇంట్లో ఒట్టి గార్డు. వంగి, వేలి కణుపుతో దానిమీద కొట్టి చూసే అలవాటు కూడా ఉంది నాకు. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన ముసలిది పరాయి మనిషి బండిని తట్టి చూస్తే ఎవరికైనా అనుమానమే. ఒకసారి బండి ఆసామి వచ్చి, "ఏం మేడమ్, బండి కొంటాండారా?" అన్నాడు. "లేదప్పా, ఇది వంగుతాదా అని చూస్తాండా" అన్నాను. అతనికి రోషం వచ్చింది. "వంగేదా? ఏనుగు తొక్కినా వంగదు మేడమ్!" అన్నాడు. నేను అక్కడే అరుగు మీద కూలబడ్డాను. పాపం అతను పరుగున పోయి సోడా తెచ్చిచ్చాడు.

పోయిన నెల మా ఎదురింటామె ప్రొద్దుటూరుకు బంగారు అంగడికి పోయొచ్చి, గాజుల సంగతీ చీరల సంగతీ చెబుతూ మధ్యలో, "గేట్లు చేసే ముసలాయన మస్తాన్ పోయినాడంట మే, మా చెల్లెలు వాళ్ళ ఇంటికి గేటు ఆయనే చేసిండె" అనేసి, మళ్ళీ గాజుల్లోకి వెళ్ళిపోయింది. నేను తల ఊపుతూనే ఉన్నాను. ఆమె పోయాక తలుపు వేసుకున్నాను. ఆయనకు ఒక మాట చెప్పాల్సి ఉండింది. పులివెందులకూ ప్రొద్దుటూరుకూ ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరవచ్చు. ఆ కాస్త దూరం పోవడానికి నాకు ఇన్నేళ్ళు చాల్లేదు.

మా నాయన జమ్మలమడుగులో పశువుల ఆసుపత్రి కాంపౌండరు. డాక్టరు వారంలో సగం రోజులు కనిపించేవాడు కాదు కాబట్టి పెన్నకు అటూ ఇటూ ఉన్న పల్లెలన్నిటికీ మా నాయనే డాక్టరప్ప. గొడ్డు ఈనలేకపోతున్నా, గొర్రెలు కడుపుబ్బి పడిపోతున్నా ఆయన కోసం మనిషి వచ్చేవాడు. నాయన ఇంట్లోకి వస్తే ఆయనకంటే ముందు ఫినాయిలూ అయోడినూ పేడా పెట్రోలూ కలిసిన వాసన వచ్చేది. నాకు చదువు చెప్పించిన వాసన అది. జీతం కాకుండా పల్లెల నుంచి వచ్చే పెరుగు ముంతలూ శెనక్కాయ మూటలూ మా ఇంటిని నడిపాయి. ఆ పల్లెలకు బస్సులు లేవు, అంతా ఆయన మోటారు సైకిలు మీదే. బండి కదలకపోతే మా ఇల్లు కదలదు. ఆ సంగతి మా అమ్మకు అందరికంటే బాగా తెలుసు. పొద్దున్నే ఆయన స్నానం చేసి ఉగ్గాని తిని బయటికి వచ్చేసరికి ఆమె తడిగుడ్డతో బండి తుడిచి, హ్యాండిలుకు పసుపు బొట్టు పెట్టి ఉంచేది. సాయంత్రం సంగటి గెలికి, ఊరిమిండి నూరి పెట్టి, చేయి కడుక్కొని వాకిట్లో నిలబడేది. వీధి మొదట్లో బండి శబ్దం వినిపించేదాకా ఆమె లోపలికి వచ్చి కూర్చోవడం నేను చూడలేదు.

అట్లాంటి రోజుల్లో ఒక వానాకాలం నాయన నల్లరేగడి బురదలో జారి పడ్డాడు. బండి కాలి మీద పడింది. మడమ దగ్గర ఎముక విరిగింది, కాలుతున్న సైలెన్సరు పిక్కకు అతుక్కొని తోలు ఊడింది. రెండు నెలలు మంచం. ఆ రెండు నెలల్లో మా ఇంటికి పెరుగు ముంత రాలేదు, నేను కాలేజీకి పోలేదు. కాలు బాగయ్యాక అమ్మ తాళంచెవి కొంగున కట్టుకొని ఒకటే మాట చెప్పింది. "గార్డు ఏపించుకోనిదే బండి తీస్తే నా మీద ఒట్టు."

అప్పట్లో గార్డులు ఇప్పటిలాగా డబ్బాల్లో రావు, చేయించుకోవాలి. ప్రొద్దుటూరులో మస్తాన్ మామ గేట్లు, కిటికీ కమ్మీలు, నాగళ్ళకు కర్రులు చేసేవాడు. వరసకు ఏమీ కాడు, సాయిబుల మనిషి, కానీ మా నాయన వాళ్ళ మేకలకు ఒకసారి వైద్యం చేసినప్పటి నుంచీ ఒకరినొకరు బావా బావా అనుకునేవారు కాబట్టి నాకు మామ. ఆయన పని చూడముచ్చటగా ఉండేది. పెన్న ఇసుక తెచ్చి, జల్లించి, పెనం మీద వేయించి తడి ఆరబెట్టేవాడు. ఆ ఇసుకను పైపు నిండా దట్టించి రెండు మొనలకూ కట్టె బిరడాలు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి, రాతి గుంజకు ఆనించి మెల్లగా వంచేవాడు. లోపల ఇసుక ఉంటే పైపు నొక్కుకుపోకుండా గుండ్రంగా తిరుగుతుందట. అట్లా చేసిన మొదటి గార్డు సన్న పైపుది. దానికి నల్లరంగు పూసి బిగించి, "పడాలని కోరుకోవాకు బావా, పడితే మాత్రం ఇది సూసుకుంటాది" అని నవ్వాడు.

ఆ గార్డు వచ్చాక మా ఇంటి నడకే మారింది. నాయన దూర ప్రయాణాల్లో దానిమీద కాళ్ళు చాపుకునేవాడు. దానికి మందుల సంచి ఒక పక్క, ఈనేటప్పుడు దూడను లాగే తాళ్ళు ఒక పక్క వేలాడేవి. తిరుగు ప్రయాణంలో రైతులిచ్చిన మునక్కాయల కట్టో, కాళ్ళు కట్టిన కోడిపుంజో దానికే కట్టుకొని వచ్చేవాడు. అమ్మ వాకిట్లో నిలబడడం మానేసింది. "గార్డు ఉందిలే" అనేది. అది మా ఇంట్లో సామెతయింది. నాకు పరీక్షంటే భయమని నేనంటే నాయన, "గార్డు ఉందిలే పో" అనేవాడు. పొంగుతున్న పాలు చూడకుండా అమ్మ పక్కింటామెతో మాట్లాడుతుంటే, "గార్డు ఉందిలే" అని నేను ఎకసెక్కెమాడేదాన్ని.

కొన్ని నెలలకు నాయన మళ్ళీ పడ్డాడు. గొర్రెల మంద అడ్డం వచ్చి, తప్పించబోయి రోడ్డు పక్క రాళ్ళలో పడ్డాడు. ఈసారి బండిని తోసుకుంటూ ఆయనే నడిచి ఇంటికి వచ్చాడు. మోచేయి గీరుకుంది, అంతే. గార్డు మాత్రం సత్తుగిన్నె నొక్కుకుపోయినట్టు లోపలికి మడతబడి ఇంజను దగ్గరికి వచ్చేసింది. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి నాయన మోచేతిని చూడలేదు, గార్డును చూశారు. "డాక్టరప్పా, సాయిబు నిన్ను మోసం చేసినాడు, ఇది పైపా, సొరకాడా?" అన్నారు. మాది బండల దేశం. మా దగ్గర వంగిన ఇనుమంటే చేసినవాడు దొంగ అనే అర్థం. నాయన మాత్రం, "వంగితే వంగిందిలేప్పా, నా కాలు వంగలే కదా" అని నవ్వి ఊరుకున్నాడు. మస్తాన్ మామ దగ్గరికి పోయి అదే గార్డును సరిచేయించుకుంటానన్నాడు.

ఊరుకోనిదాన్ని నేను. నాకు పందొమ్మిదేళ్ళు, నోరు కత్తెర. లోపల ఉన్నది భయం. ఇంకోసారి పడితే ఆ గార్డు ఏం కాస్తుంది అని రాత్రంతా నిద్ర లేదు నాకు. ఆ భయాన్ని భయమని ఒప్పుకోవడం చేతకాక కోపమని పేరు పెట్టుకున్నాను. మా పెద్దనాయన తోటలో ఎండిపోయిన బోరు నుంచి పీకిన పైపు ముక్క మా పెరట్లో పడి ఉండేది. మందంగా, మొద్దుగా, దానిమీద రోకలి వేసి కొట్టినా నొక్కు పడదు. మరుసటి ఆదివారం, అమ్మ పుట్టింటికి పోయిన రోజు, నాయన వెనక కూర్చొని, ఆ పైపును బల్లెంలాగా భుజాన పెట్టుకొని ప్రొద్దుటూరు పోయాను. దారి పొడుగునా జనం నన్ను చూసి నవ్వారు.

మస్తాన్ మామ అంగడి ముందు బండి దిగీ దిగకముందే అందుకున్నాను. "ఏం మామా, మా నాయన పానమంటే నీకు ఇంతేనా? అగ్గువ పైపు ఏసి అంటగట్టినావే! పైపులో గూడా దొంగతనం చేస్తారా?" అక్కడ మేం ముగ్గురం కాక, గేటు కొలతలివ్వడానికి వచ్చిన పైఊరి మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన ముందు ఆ మాట అనేసరికి మస్తాన్ మామ ముఖం చిన్నబోయింది. నాయన "ఏందే ఆ మాటలు!" అని కసిరాడు. మామ వంగిన గార్డును నిమురుతూ అన్నాడు.

"పాపా, ఇది వంగింది కాబట్టే మీ నాయన నడిసొచ్చినాడు. దెబ్బ యాడికో ఒక తావుకు పోవల్ల కదా. గార్డు తినకపోతే బండి తింటాది, బండి తినకపోతే మనిషి తింటాడు. ఇది బోరు పైపు. దీనికి వంగడం రాదు. వద్దు."

"నీకు శాతగాకపోతే చెప్పు, ఎర్రగుంట్లలో చేసేటోళ్ళు ఉండారు. మంచి పైపు ఇస్తే చేయనంటాండావంటే, సన్న పైపులో ఏమో మిగులుతాంది నీకు" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరూ నా నోట పెట్టలేదు.

నాయన, "పోనీలే బావా, పిల్ల భయపడతాంది, చేసియ్యి" అన్నాడు. మస్తాన్ మామ లేచి, నా చేతిలో నుంచి పైపు తీసుకున్నాడు. "నోటితో వద్దంటాండా, చేత్తో చేస్తాండా. గుర్తు పెట్టుకో పాపా" అన్నాడు. ఆ పైపు కాలడానికి మామూలు కంటే మూడింతలు బొగ్గు పట్టింది. నాయనా ఆయనా ఇద్దరూ కలిసి తాళ్ళు వేసి లాగితే గానీ తిరగలేదు. నేను పక్కన స్టూలు మీద కూర్చొని గెలిచిన దానిలాగా సోడా తాగాను.

అది మా పెరటి పైపేనని అమ్మకు మేం చెప్పనే లేదు. ఆరు నెలలు ఆ గార్డు మా వాకిటికి శోభ. పిల్లలు దానిమీదెక్కి ఊగేవారు. నాయన అదివరకు గతుకుల్లో నెమ్మదిగా పోయేవాడు కాస్తా ధైర్యంగా తోలడం మొదలుపెట్టాడు. మా వైపు చేలకు ముళ్ళ కంచెలు తక్కువ, మనిషెత్తు నాపబండల్ని నిలువుగా పాతి గోడలాగా కడతారు. అట్లాంటి బండల కంచె పక్కన బాటలో, ఈనలేక అల్లాడుతున్న ఒక ఎనుము కోసం తొందరగా పోతూ ఆయన బండి పక్కకు జారింది. పాత సన్న గార్డయితే వంగి, రాసుకుంటూ పోయి ఆగేది. గార్డు రెండు బండల సందులోకి దూరింది. వంగలేదు. బండి ఉన్నచోటనే గుంజకు కట్టేసినట్టు ఆగిపోయింది, మా నాయన ఆగలేదు. ముందున్న బండకు ఆయన తల తగిలింది. చేలో ఉన్న రైతు పరిగెత్తుకొచ్చేసరికే అంతా అయిపోయిందట. బండిని మా వాకిట్లోకి తెచ్చి నిలిపినప్పుడు నేను చూశాను. గార్డుకు ఒక్క నొక్కు కూడా పడలేదు.

జనం అన్ని సంగతులూ విచారిస్తారు. "ఆ గార్డు ఇరుక్కోకుంటే బతికేటోడు" అన్నారు. ఇంతకు ముందు వంగిందని తిట్టిన వాళ్ళే వంగలేదని తిట్టారు. "ఎవరు చేసింది?" "ప్రొద్దుటూరు మస్తాన్." మా అమ్మకు అంతే చాలు. దినం అయిన మూడోనాడు నన్ను తోడు తీసుకొని ప్రొద్దుటూరు పోయింది. అంగడి ముందు దిగి, రోడ్డు మీది మన్ను రెండు చేతులా ఎత్తి ఆయన కొలిమి మీద పోసింది. "నా బొట్టు తుడిసినావు కదరా! నీ కొలిమి సల్లారిపోను! ఏం పైపు ఏసినావురా పాపిష్టోడా!" అని రొమ్ము బాదుకుంది. మళ్ళీ మన్ను ఎత్తింది. వీధి వీధంతా మూగింది. మస్తాన్ మామ పనిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ పైపు ఎవరు తెచ్చారో, ఎవరు పట్టుబట్టారో చెప్పడానికి ఆయనకు ఒక్క మాట చాలు. నేను చెబుతానేమో అని చూశాడా, భయపడవద్దని చూశాడా, నాకు ఇప్పటికీ తెలియదు. నేను అమ్మ చేయి పట్టుకొని నేల చూశాను. ఆయన తల దించుకొని, "తప్పైపోయిందమ్మా" అన్నాడు.

ఆ రోజు చెప్పలేదు, అమ్మ తట్టుకోలేదని. నెల తర్వాత చెబుదామనుకున్నాను, అప్పటికి నెల రోజులు ఎందుకు దాచావని అడుగుతుందని భయం. ఆ తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లి అయింది, పులివెందుల కాపురం వచ్చింది. మస్తాన్ మామ కువైట్ పోయాడని విన్నాను, తిరిగొచ్చి మళ్ళీ అంగడి పెట్టాడనీ విన్నాను. ఒకసారి ప్రొద్దుటూరు బస్టాండులో ఎదురుపడ్డాడు. గడ్డం తెల్లబడింది. "పాపా, బాగుండావా?" అన్నాడు. నేను వినపడనట్టు కొంగు తల మీదికి లాక్కొని, నాది కాని బస్సెక్కి కూర్చున్నాను. వేంపల్లె బస్సది. అక్కడ దిగి, ఇంకో బస్సు పట్టుకొని ఇల్లు చేరాను. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. పోయే ముందు వారం కూడా ఆయన పేరెత్తి మెటికలు విరిచింది. పక్కన కూర్చొని నేను ఆమెకు జావ తాగించాను.

ఇప్పుడు గార్డులు కంపెనీవాళ్ళే చేస్తారు. ఏ పైపు ఎక్కడ వంగాలో కంప్యూటర్లలో లెక్క కడతారట, మా మనవరాలు చెప్పింది. మంచిదే, ఇంకా నాలుగు ప్రాణాలు నిలుస్తాయి. కానీ వాటిని చేసినవాడి ముఖం ఎవరికీ తెలియదు, చేసినవాడు వద్దన్నా వినకుండా పోట్లాడే పందొమ్మిదేళ్ళ పిల్లా ఉండదు. ఒక్కోసారి అదీ మంచిదే అనిపిస్తుంది.

ఆయన పోయిన కబురు విన్న వారంలోనే, శుక్రవారం నాడు నేను ప్రొద్దుటూరు పోయాను. ఆయన భార్య ఖాసింబీ అత్త లోపలి గదిలో చాప మీద తెల్లచీరలో కూర్చొని ఉంది. భర్త పోయాక వాళ్ళలో ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. నా చిన్నప్పుడు ఆమెను రెండు మూడుసార్లు చూశాను అంతే, ఆమె అంగడి వైపు వచ్చేది కాదు. నేను ఫలానా కాంపౌండరు కూతురినని చెప్పుకున్నాను. "రా తల్లీ, కూసో. మీరు మా గడప తొక్కరనుకుంటి" అంది. చాయ్ ఇప్పించింది. ఆమె తనే మొదలుపెట్టింది.

"మీ నాయన పోయినకాన్నుంచి ఈయన ఒక్క గార్డు గూడా చేయలే. ఎంతమంది వచ్చినా గేట్లే చేస్తా పొమ్మనేటోడు. నేను ఊరుకుంటానా? కోపమొచ్చినప్పుడంతా అదే అంటాంటి. ఆ బోరు పైపు ఎందుకేసినావయ్యా, నీ సేత్తో బంగారట్టా మనిషిని సంపి, నా బిడ్డలకు ఆ ఉసురు తగిలిస్తివే అని. నా నోటికి జడిసే కువైటు పోయినాడు. ఎనిమిదేండ్లు ఆడుండాడు."

నేను గ్లాసు కింద పెట్టాను. "మామ ఏమనేటోడు అత్తా?"

"ఏమంటాడు? నా తప్పేలే మే, అంటాండె. పోయే రెండునాళ్ళ ముందు గూడా మందు మింగనని మారాం చేస్తే, ఆయప్పను సంపినట్ల నన్నూ సంపుతావా అని అంటి. గమ్మున నోరు తెరిసి మింగినాడు."

ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట ఆయన. కట్టుకున్న మనిషికి కూడా. అప్పుడు చెప్పాను. పైపు మా పెరట్లోదని, నేనే మోసుకొచ్చానని, ఆయన వద్దు వద్దన్నాడని, దొంగతనం అంటగట్టి నేనే చేయించానని, అమ్మ మన్ను పోసిన రోజు నేను పక్కనే ఉండి నోరు విప్పలేదని. ఒక్కమాట కూడా తగ్గించుకోలేదు. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే పోయాను, నిజం చెప్పాలంటే. తిట్లు తిని తేలిగ్గా ఇంటికి రావచ్చని.

ఖాసింబీ అత్త తిట్టలేదు. గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. "మొన్న వచ్చిండకూడదా తల్లీ" అంది. "నెల ముందు వచ్చింటే ఆయన కాళ్ళు పట్టుకొనుందును. ఇన్నేండ్లు అన్నానే. మందు మింగేటప్పుడు గూడా అన్నానే. ఇప్పుడు నేను యాడికి పోయి తప్పైందనల్ల?"

నా బరువు దించుకుందామని పోయి ఆమె నెత్తిన పెట్టాను. నేను లేవబోతుంటే ఆమె నా చేయి పట్టుకుంది. "నేను గడప దాటకూడదు. నువ్వు పో. గోరీకాడ నిలబడి, ఖాసింబీ తప్పైందని చెప్పమనిందని చెప్పు. నీదీ చెప్పుకో" అంది.

కబరస్తాన్ దగ్గర్లోనే ఉంది. కాపలా మనిషి, ఆడవాళ్ళు లోపలికి రాకూడదన్నాడు, కానీ గోడ పక్క నుంచి ఆ కొత్త మట్టి దిబ్బ ఏదో చూపించాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. నేను చెప్పులు విడిచి, "మామా, అత్త తప్పైందని చెప్పమనింది" అన్నాను.

నాది చెప్పుకోవడానికి నోరు తెరిచాను. మాట రాలేదు. కాపలా మనిషి వచ్చి నీడకు పొమ్మనేదాకా అక్కడే నిలబడ్డాను, రాలేదు.